మిద్దె మీద కారపు మిరప: ధనుర్మాసం విత్తు నుంచి రోహిణి ఎండ దాకా

గుంటూరు చుట్టుపక్కల మిరప రైతు జులై, ఆగస్టు నెలల్లో నారు పోస్తాడు. సెప్టెంబరులో నాటుతాడు. సంక్రాంతి దాటాక ఎర్రటి కాయ కోసి కళ్ళంలో ఆరబోస్తాడు. ఆ కాయ మిర్చి యార్డుకు చేరే ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఘాటు గాలికి ఊరంతా తుమ్ముతుంటే, మన ఇంటి మీద కూడా నాలుగు మిరప మొక్కలు ఉంటే బాగుండునని మనసు పుడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది. పొలంలో పంట ముగిసే వేళకు మనం మొదలుపెడుతున్నాం. రైతు మొక్క వానలో పెరిగి, చలిలో పూసి, ఎండలో పండుతుంది. మన మొక్క చలిలో మొలిచి, సరిగ్గా ఎండ ముదిరే వేళకు పూతకు వస్తుంది.

పైగా ఈ నెలల వాతావరణానికి ఒక తీరు ఉండదు. ఫిబ్రవరిలో తెల్లవారుజామున దుప్పటి కావాలి, మధ్యాహ్నం ఫ్యాను కావాలి. మార్చిలో పది రోజులు ఎండ కాసి, ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలివాన విరుచుకుపడుతుంది. 2023 మార్చి నడిమిలో కురిసిన అకాల వర్షాలకు కళ్ళాల్లోని మిర్చి తడిసిపోయి రైతులు ఎంత నలిగిపోయారో చూశాం. ఏప్రిల్ వచ్చేసరికి మిద్దె గచ్చు మీద చెప్పులు లేకుండా అడుగు వేయలేము.

ఇన్నేళ్ళు గుంటూరులో మిద్దె మీద మిరప పెంచాక నా నమ్మకం ఒకటే. మన దగ్గర వసంతంలో మిరపకు అసలు గండం పగటి ఎండ కాదు, వేడెక్కిన రాత్రులు. పగలు 32 డిగ్రీల లోపు, రాత్రి 16 నుంచి 22 డిగ్రీల మధ్య ఉంటే పూత చక్కగా పిందె కడుతుంది. పగలు 35 దాటి, రాత్రి కూడా 25 దగ్గరే నిలిచిపోతే పుప్పొడి దెబ్బతిని పూత రాలుతుంది. అందుకని రాత్రులు ఇంకా చల్లగా ఉండగానే మొక్కను పూతకు తేవాలి. ఆ తరువాత కాయ మీద ఆశ తగ్గించుకుని, మొక్కను ప్రాణాలతో వానల దాకా దాటించాలి. కింద చెప్పేదంతా ఈ రెండు పనుల కోసమే.

ఎప్పుడు మొదలుపెట్టాలి

విత్తనం నుంచి మొదలుపెట్టేవారికి మంచి కాలం ధనుర్మాసం. డిసెంబరు నడిమి నుంచి జనవరి నడిమి వరకు ఎప్పుడైనా విత్తుకోవచ్చు. సంక్రాంతి ఆఖరి గడువు. ధనుర్మాసంలో వేసిన నారు ఫిబ్రవరి మొదటి వారాలకు నాటడానికి వస్తుంది, మార్చి మొదట్లో పూస్తుంది, ఏప్రిల్‌లో పచ్చికాయ చేతికి వస్తుంది. శివరాత్రికి చలి ‘శివశివా’ అంటూ వెళ్ళిపోతుందని మనవాళ్ళ మాట. శివరాత్రి తరువాత విత్తనం వేస్తే ఆ మొక్క పూసేది ఏప్రిల్ చివర, మే నెలల్లో. ఆ పూత నిలవదు. ఆలస్యమైతే విత్తనం జోలికి పోకుండా ఫిబ్రవరి లోపల నారు కొనుక్కుని నాటడం మేలు. ఉగాది కూడా దాటిపోతే జులై దాకా ఆగి, రైతుతో పాటు మొదలుపెట్టండి. నాలుగు నెలల ఓపికకు రెండింతల కాపు వస్తుంది.

ఏ రకం

గుంటూరు పేరు చెప్పగానే గుర్తొచ్చేది సన్నం. భౌగోళిక గుర్తింపు కూడా పొందిన రకం. కారం మధ్యస్తంగా ఉంటుంది, రంగు బాగుంటుంది, పచ్చడికీ పొడికీ రెండింటికీ పనికొస్తుంది. తేజ సన్నగా, పొట్టిగా, బాగా ఘాటుగా ఉంటుంది. సన్నం కారం స్కోవిల్ కొలతలో 35,000 నుంచి 40,000 వరకు ఉంటే, తేజ అంతకు రెట్టింపు. లాం పరిశోధన స్థానం నుంచి వచ్చిన ఎల్‌సీఏ 334 వంటి రకాలకు మన నేల, మన ఎండ కొత్త కాదు. మిద్దె మీదికి నేను మొదట ఎంచేది ఇలాంటి, హైబ్రిడ్ కాని సూటి రకాలనే. వాటి కాయ నుంచి మళ్ళీ విత్తనం తీసుకోవచ్చు.

వంటింటి డబ్బాలోని ఎండుమిర్చి గింజలు వేయవచ్చా అని చాలామంది అడుగుతారు. మొలిస్తే మొలుస్తాయి. కానీ బజారుకు వచ్చే కాయలో హైబ్రిడ్‌లే ఎక్కువ. వాటి గింజ నుంచి వచ్చే మొక్కలు తల్లిలాగా ఉండవు, ఒకటి పొడుగు కాయ, ఒకటి పొట్టి కాయ కాస్తాయి. శీతల గిడ్డంగిలో నెలల తరబడి ఉన్న కాయ అయితే మొలక కూడా తగ్గుతుంది. 20 రూపాయల ఆదాకు 4 నెలల శ్రమను పణంగా పెట్టకండి.

భూత్ జొలోకియా పెంచాలన్న ముచ్చట ఇప్పుడు కుర్రవాళ్ళలో ఎక్కువగా కనిపిస్తోంది. 2007లో ప్రపంచంలోనే అతి కారమైన మిరపగా గిన్నిస్ గుర్తింపు పొందిన ఈశాన్య రాష్ట్రాల కాయ అది. తేమ గాలికీ చెట్ల నీడకూ అలవాటు పడిన జాతి. మొలవడానికే 2 నుంచి 4 వారాలు తీసుకుంటుంది, పూతకు ఇంకా ఆలస్యం. పెంచితీరాలనుకుంటే అక్టోబరులోనే విత్తి, మధ్యాహ్నం నీడ పడే తూర్పు మూల ఇవ్వండి.

నారు పోయడం

ప్రోట్రే, అంటే నారు పెంచే గడుల ట్రే, దొరికితే మంచిది, లేకపోతే అడుగున చిల్లులు పెట్టిన పెరుగు డబ్బాలు చాలు. రెండు పాళ్ళు కడిగిన కొబ్బరి పొట్టు, ఒక పాలు జల్లించిన వర్మీకంపోస్టు కలిపి, కుళ్ళు తెగుళ్ళను అడ్డుకునే మేలు చేసే శిలీంధ్రం ట్రైకోడెర్మా పొడి చిటికెడు చల్లండి. పిడికిట్లో పట్టి నొక్కితే ముద్ద కట్టాలి, నీరు మాత్రం కారకూడదు. విత్తనాలను రాత్రంతా గోరువెచ్చటి నీటిలో నానబెట్టి, పొద్దున అర సెంటీమీటరు లోతులో గడికి రెండేసి వేసి, పైన పలచగా కప్పండి.

మిరప విత్తనం మొలవడానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. ధనుర్మాసం రాత్రులు అంతకన్నా చల్లగా ఉంటాయి కాబట్టి ట్రేను మిద్దె మీద వదిలేస్తే మొలక 15 రోజులు పడుతుంది. నేను వంటింట్లో ఫ్రిజ్ పైన పెట్టి తడి గోనె కప్పుతాను. 7 నుంచి 10 రోజుల్లో మెడ వంచిన మొలక పైకి వస్తుంది. మొదటి మొలక కనిపించిన పూటే గోనె తీసేసి వెలుతురులోకి మార్చాలి. ఒక్కరోజు ఆలస్యం చేసినా మొలకలు దారంలా సాగి పడిపోతాయి.

నారు కుళ్ళు గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఒక జనవరిలో వారం పాటు మబ్బు పట్టింది. అలవాటు కొద్దీ నేను రోజూ పొద్దున నీళ్ళు చల్లుతూ వచ్చాను. నాలుగో రోజు చూస్తే ఒక మూల ఆరేడు మొలకలు నేలకు ఒరిగి ఉన్నాయి. ఆకులు ఇంకా పచ్చగానే ఉన్నాయి. దగ్గరగా వంగి చూస్తే కాండం మట్టిని తాకే చోట, ఆవగింజంత మేర, నీరు పట్టి గోధుమరంగుకు తిరిగి, ఎవరో దారంతో బిగించి కట్టినట్టు సన్నబడి ఉంది. మరుసటి రోజుకు సగం ట్రే పోయింది. అప్పటి నుంచి పైమట్టి పొడిబారి రంగు మారితే తప్ప నీళ్ళు పెట్టను. పెట్టినా పైన చల్లను. ట్రేను వెడల్పు పళ్ళెంలోని నీటిలో 10 నిమిషాలు ఉంచి తీస్తాను, మట్టి కింది నుంచి పీల్చుకుంటుంది. మబ్బు రోజుల్లో ఆ పని కూడా చేయను. తెగులు కనిపిస్తే పడిపోయిన మొలకలను చుట్టుపక్కల మట్టితో సహా తీసేసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మిగతా మట్టిని తడపండి.

రెండు అసలు ఆకులు వచ్చాక గడికి ఒక్క మొక్కనే ఉంచి రెండోదాన్ని కత్తిరించండి. లాగితే పక్క మొక్క వేరు కదులుతుంది. నాటడానికి వారం ముందు నుంచి ట్రేను మిద్దె మీదికి తీసుకెళ్ళి ఎండ అలవాటు చేయాలి. మొదటి రోజు పొద్దుటి ఎండ గంటసేపు, తరువాత రోజుకో గంట చొప్పున పెంచండి. నీడలో పెరిగిన ఆకును ఒక్కసారిగా ఫిబ్రవరి ఎండలో పెడితే తెల్లటి మచ్చలు పడి కాలిపోతుంది. దీన్ని చాలామంది తెగులనుకుని మందులు కొడతారు.

నారు కొనేవారు పూత ఉన్న మొక్కను ఏరుకోకండి. చిన్న గడిలో వేరు చుట్టుకుపోయి, బతుకు మీద భయంతో పూసిన మొక్క అది. జానెడు ఎత్తు, దళసరి కాండం, ముడత లేని ఆకులు చూడండి. కొనేముందు మొక్కను తెల్ల కాగితం మీదికి వంచి వేలితో రెండు సార్లు తట్టండి. కాగితం మీద నూలుపోగు తునకల్లాంటివి పాకితే అవి తామర పురుగులు (త్రిప్స్), ఆ మొక్కను అక్కడే వదిలేయండి. ఒకసారి తేజ అని చెప్పి ఇచ్చిన నారు తీరా కాస్తే బజ్జీ మిర్చి అయింది. అందుకే రకం పేరు మీద పట్టింపు ఉన్నవారు సొంతంగా విత్తుకోవడమే మార్గం.

సంచి, మట్టి, నాటడం

మొక్కకు 12 అంగుళాల వెడల్పు, అంతే లోతు ఉన్న సంచి తక్కువలో తక్కువ. 15 అంగుళాలైతే మే నెలలో మీ ప్రాణానికి హాయి. రంగు తెల్లగా ఉండాలి. నల్ల ప్లాస్టిక్ కుండీ పడమటి ఎండకు పెనంలా కాలుతుంది, ఆ వైపు వేళ్ళు ఉడికిపోతాయి. ఉన్నవి నల్లవే అయితే బయట సున్నం పూయండి, లేదా గోనె చుట్టండి. ప్రతి సంచినీ రెండు ఇటుకల మీద నిలబెట్టండి. గచ్చు సెగ తగలదు, వాన పడితే నీరు నిలవదు.

గుంటూరు నల్లరేగడి పొలంలో బంగారం. సంచిలో మాత్రం అది తడిస్తే జిగురు, ఎండితే నెర్రె. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒకటిన్నర పాలు బాగా చివికిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు, ఒకటిన్నర పాలు కొబ్బరి పొట్టు కలిపి, సంచికి రెండు గుప్పెళ్ళ వేపపిండి వేసి, 10 రోజులు తడిపి ఉంచాక నాటండి. పచ్చి పేడ వేస్తే వేళ్ళకు వేడి తగలడమే కాదు, వేరుపురుగు కూడా చేరుతుంది. కట్టెల బూడిద వేయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. మన ప్రాంతంలో బోరునీటి వల్ల మట్టి ఇప్పటికే క్షారం వైపు ఉంటుంది కాబట్టి నేను బూడిద వాడను.

సాయంత్రం నాలుగున్నర తరువాత నాటండి. గడిలో ఎంత లోతున ఉందో అంతే లోతున నాటి, అదే రోజు ఒక ఊతకర్ర కూడా పాతండి. తరువాత పాతుదామనుకుంటే వేళ్ళు తెగుతాయి. కట్టడానికి పాత నూలు చీర అంచు చీలికలు వాడండి, ప్లాస్టిక్ దారం గాలికి కాండాన్ని కోస్తుంది. కర్రకూ కాండానికీ మధ్య ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టాలి.

నీళ్ళు

మా పెదనాన్నది పెదనందిపాడు వైపు మిరప సేద్యం. ఒక మార్చి మధ్యాహ్నం మా మిద్దె ఎక్కి, నేను చెంబుతో నీళ్ళు పోస్తుంటే ఆపారు. “ఆకు వాడిందని పోస్తున్నావా అమ్మా?” అని అడిగారు. అవునన్నాను. సంచిలోకి వేలు దించి చూపించమన్నారు. వేలు రెండో గీత దాకా తడి తగిలింది. “ఆకును చూసి నీళ్ళు పోయకూడదమ్మా, మట్టిని చూసి పోయాలి. సాయంత్రం ఐదింటికి చూడు, అదే లేస్తుంది” అన్నారు. ఐదింటికి ఆకులన్నీ నిటారుగా నిలబడ్డాయి.

మధ్యాహ్నం వాడటం మొక్క తన నీటిని కాచుకునే తీరు. మట్టి తడిగా ఉన్నప్పుడు మళ్ళీ పోస్తే వేళ్ళకు గాలి ఆడక కుళ్ళుతాయి. అప్పుడు కూడా ఆకు వాడినట్టే ఉంటుంది, మనం ఇంకా పోస్తాం. మిద్దె తోటల్లో మిరప ఎక్కువగా చచ్చేది ఇలాగే. పొద్దున కూడా ఆకు వాడి ఉంటేనే కంగారు పడాలి.

ఫిబ్రవరిలో 12 అంగుళాల సంచికి రెండు రోజులకోసారి ఒక లీటరు సరిపోతుంది. మార్చి నడిమి నుంచి రోజూ పొద్దున, ఏప్రిల్ నుంచి పొద్దున ఎక్కువగా, సాయంత్రం కొద్దిగా. ఇవి నా లెక్కలు, మీ సంచి లెక్క మీ వేలే చెబుతుంది. సాయంత్రం నీరు పెట్టేముందు పైపులోని నీటిని చేతి మణికట్టు మీద పోసి చూడండి. మిద్దె మీది నల్ల ట్యాంకు నీరు, ఎండలో పడి ఉన్న పైపులోని నీరు ఏప్రిల్‌లో స్నానానికి కాచినంత వేడిగా వస్తాయి. పొద్దుటే రెండు బకెట్లు పట్టి నీడలో ఉంచుకుంటే ఆ బాధ లేదు. బోరునీరు పోసే ఇళ్ళలో సంచి అంచున తెల్లటి ఉప్పు పేరుకుంటుంది. నెలకోసారి కృష్ణ నీరు పట్టి, అడుగు నుంచి ధారగా కారేదాకా పోస్తే ఆ ఉప్పు కడుక్కుపోతుంది.

నాటిన వారానికే మట్టి మీద రెండు అంగుళాల మందం వరిగడ్డి గాని కొబ్బరి పీచు గాని పరవండి. కాండం చుట్టూ రెండు వేళ్ళ ఖాళీ వదలాలి.

పెరుగుదల, మేత

మొక్కకు 8 నుంచి 10 ఆకులు వచ్చాక కొస గిల్లితే గుబురుగా వస్తుంది. ఫిబ్రవరి 20 తరువాత నాటిన మొక్కకు మాత్రం గిల్లకండి, పూత రెండు వారాలు వెనక్కి పోతుంది, మనకు అంత వ్యవధి లేదు. మొదటి పంగలో వచ్చే ఒంటి పువ్వును తుంచేయండి. ఆ ఒక్క కాయ కోసం మొక్క పెరుగుదల ఆగిపోతుంది.

పూత వచ్చేదాకా 15 రోజులకోసారి, నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే 19:19:19 ఎరువును లీటరుకు 2 గ్రాములు కలిపి మొక్క మొదట్లో పోస్తే చాలు. సేంద్రియంగానే పెంచాలనుకుంటే వారం వారం జీవామృతం ఒకటికి పది నీళ్ళు కలిపి ఇవ్వండి. పూత మొదలయ్యాక నత్రజని తగ్గించి పొటాష్ పెంచాలి. 13:0:45 ఎరువు లీటరుకు 3 గ్రాములు దానికి సరిపోతుంది. ముదురాకుపచ్చగా, ఏపుగా, పూత లేకుండా నిలిచిన మొక్క కనిపిస్తే అక్కడ నత్రజని ఎక్కువైందని అర్థం.

గాలివాన వచ్చే రోజు

మార్చి, ఏప్రిల్ నెలల్లో మధ్యాహ్నం ఉక్క పెరిగి, గాలి స్తంభించి, ఆకాశంలో ఒక వైపు నల్లబడితే సాయంత్రానికి గాలివాన ఖాయమనుకోండి. అమరావతి వాతావరణ కేంద్రం హెచ్చరిక ఇచ్చిన రోజున ఈ పనులు వరుసగా చేయండి. ముందు పండిన కాయ, పండబోయే కాయ కోసేయండి. తడిసిన పండుకాయకే కాయకుళ్ళు మొదట పట్టేది. తరువాత సంచులను పిట్టగోడ వారకు చేర్చి, ఒకదానికొకటి ఆనేలా గుంపుగా పెట్టండి. కట్లు సరిచూసి, బరువు కొమ్మలకు రెండో కట్టు వేయండి. షేడ్‌నెట్ కట్టి ఉంటే ఒక వైపు విప్పి చుట్టేయండి. గాలికి అది తెరచాపలా ఉబ్బి కర్రలతో సహా మొక్కల మీద పడుతుంది. విజయవాడలో కొండ వాలున ఉన్న ఇళ్ళలో గాలి మలుపు తిరిగి వస్తుంది, అక్కడ రెండు సంచుల్లో జొన్న దట్టంగా చల్లి గాలి వైపు అడ్డుగా పెంచుకుంటే మంచిది. జొన్న వరుస చిన్న పురుగులను కూడా కొంత ఆపుతుంది, పొలాల్లో కూడా అందుకే గట్ల మీద వేస్తారు.

వాన వెలిశాక నీరు నిలిచిన సంచులను వంచి కార్చండి. తడి ఆకును చేత్తో ముట్టకండి, తెగులు ఒక మొక్క నుంచి మరో మొక్కకు చేతి ద్వారానే పోతుంది. మరుసటి రోజు ఆకు ఆరాక విరిగిన కొమ్మలను గాయం కిందికి ఏటవాలుగా కత్తిరించి, లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేయండి. వడగళ్ళు పడితే మొక్క చూడటానికి ఘోరంగా ఉంటుంది. పీకేయకండి. కాండం పగలకపోతే 10 రోజుల్లో ప్రతి కణుపు దగ్గరా చిగురు వస్తుంది. ఆ 10 రోజులు ఎరువు వద్దు, నీరు తగ్గించండి.

పూత నిలబెట్టడం

మిరప పువ్వు తనలో తానే పరాగసంపర్కం చేసుకుంటుంది. అయినా గాలి ఆడని మిద్దె మూలల్లో ఉన్నప్పుడు పొద్దున ఏడు నుంచి తొమ్మిది గంటల మధ్య కొమ్మను మునివేళ్ళతో మెల్లగా కదిపితే పిందె బాగా కడుతుంది. పూత రాలుతుంటే మొదట చూడవలసింది రాత్రి ఉష్ణోగ్రతను. తరువాత నీటి ఎగుడుదిగుళ్ళు, ఆపైన తామర పురుగులు. హార్మోను మందు ఆఖరి మాట. రాత్రులు వేడెక్కిన తరువాత ఏ సీసా కూడా ఆ పూతను నిలబెట్టలేదు.

కాయ కొన దగ్గర నీరు పట్టినట్టు మెత్తబడి గోధుమరంగుకు తిరిగితే అది కాల్షియం అందకపోవడం. మట్టిలో కాల్షియం ఉన్నా, ఒకరోజు ఎండగట్టి మరుసటి రోజు ముంచెత్తితే మొక్క దాన్ని తీసుకోలేదు. కాల్షియం కోసం గుడ్డు పెంకులు వేసినా అవి చివకడానికి నెలలు పడుతుంది. నీరు సరిదిద్దండి.

ముడత

ఆకు అంచులు పైకి లేచి దొప్పలా ముడుచుకుంటే పై ముడత, అది తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, ఆకు సన్నగా ఎలుక తోకలా సాగితే కింది ముడత, అది మొక్కల నల్లి (మైట్) పని. ఆకు చిన్నదై, పసుపు ఈనెలతో, కొస అంతా గుత్తిగా ముద్దకడితే జెమిని వైరస్. తెల్లదోమ మోసుకొస్తుంది, దానికి మందు లేదు. ఆ మొక్కను సంచిలో కట్టి దూరంగా పారేయండి. ఈ మూడింటికీ ఒకటే మందు కొట్టడం వల్లనే ఏదీ తగ్గదు.

2021–22 పంటకాలంలో నల్ల తామర పురుగు వచ్చి మన రెండు రాష్ట్రాల్లో మిరప తోటలను తుడిచిపెట్టింది. అది ఆకుకన్నా పువ్వులో ఎక్కువగా ఉంటుంది. పువ్వును తెంపి అరచేతి మీద విదిలిస్తే నల్లటి సన్నని గీతల్లాంటివి పరుగెడతాయి. పువ్వుకు ఐదారు కనిపిస్తే ఆ పూత మొత్తం తెంపి సబ్బు నీటిలో వేయడమే మంచిది. తామర పురుగులకు నీలం జిగురు అట్ట, తెల్లదోమకు, పేనుబంకకు పసుపు అట్ట మొక్క కొసకు కాస్త పైన వేలాడదీయండి. వారానికోసారి సాయంత్రం వేళ లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బు నీరు కలిపి ఆకు అడుగున తడిసేలా కొట్టండి. నల్లికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు పనిచేస్తుంది. కానీ ఎండ 35 డిగ్రీలు దాటే రోజుల్లోనూ, వేపనూనె కొట్టిన రెండు వారాల లోపలా గంధకం జోలికి పోవద్దు, ఆకు మాడిపోతుంది.

కాయ ఎర్రబడ్డాక వచ్చే అతిథులు చిలుకలు. మిరప మంట పక్షులకు తెలియదు. ఆ మంటను పసిగట్టే గ్రాహకం వాటిలో కారానికి స్పందించదు. పండు కోసేదాకా సన్న వల కప్పాలి.

కోత

పువ్వు విచ్చిన 30 నుంచి 40 రోజులకు పచ్చికాయ, 55 నుంచి 60 రోజులకు పండుకాయ వస్తుంది. వసంతపు కాపును పచ్చిగానే కోసుకోమని నా సలహా. కాయ తీసేకొద్దీ మొక్క మళ్ళీ పూస్తుంది, ఎండ ముదిరేలోపు ఇంకో విడత దక్కుతుంది. కాయను లాగకుండా తొడిమతో సహా కత్తెరతో కోయండి. ఏప్రిల్ చివరి కాపు చల్ల మిరపకాయలకు సరిగ్గా కుదురుతుంది. నిలువుగా గాటు పెట్టి, ఉప్పు వేసిన పుల్లటి మజ్జిగలో రాత్రి ఊరబెట్టి, పగలు ఆరబోస్తూ, మజ్జిగ ఇంకేదాకా నాలుగైదు రోజులు చేయండి. ఘాటు కాయలు కోసేముందు చేతులకు నూనె రాసుకుని, తరువాత సబ్బుతో కడుక్కోండి. కారాన్ని ఇచ్చే క్యాప్సైసిన్ నీటిలో కరగదు, నూనెలో కరుగుతుంది. గింజలది కారం అనుకుంటారు కానీ, అసలు కారం గింజలు అంటుకునే తెల్లటి నడిమి భాగంలో ఉంటుంది.

భరణి నుంచి రోహిణి దాకా

ఏప్రిల్ మొదటి వారంలో 50 శాతం నీడ ఇచ్చే షేడ్‌నెట్‌ను మొక్కకు మూడు అడుగుల పైన కట్టి, పడమర వైపు కిందికి దించండి. తూర్పు వైపు తెరిచి ఉంచాలి, పొద్దుటి ఎండ మొక్కకు అవసరం. సంచులను మళ్ళీ గుంపుగా చేర్చండి, ఒకదాని నీడ మరొకదాని మీద పడుతుంది. సాయంత్రం గచ్చు మీద నీళ్ళు చల్లితే రాత్రి సెగ తగ్గుతుంది.

భరణి కార్తె, అంటే ఏప్రిల్ చివరికి, మొక్క పూత మానేస్తుంది. అప్పుడు ఎరువు పూర్తిగా ఆపండి. మిగిలిన కాయ అంతా కోసి, ఎండిన కొమ్మలు, లోపలి చిక్కు కొమ్మలు మాత్రమే తీసేయండి. పెద్ద కత్తిరింపు ఇప్పుడు వద్దు, ఆకు లేని కాండం ఎండకు పగులుతుంది. రోహిణి ఎండలకు రోళ్ళు పగులుతాయంటారు. మే చివరి వారంలో నీరు తప్ప మొక్కకు మరేమీ ఇవ్వకండి. ఆకులు సగం రాలినా గోటితో కాండాన్ని గీకి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది.

జూన్‌లో రెండు మంచి వానలు పడి, రాత్రి గాలి చల్లబడ్డాక ప్రతి కొమ్మనూ మూడో వంతు మిగిలేలా కత్తిరించండి. పైమట్టి రెండు అంగుళాలు తీసేసి కొత్త వర్మీకంపోస్టు, గుప్పెడు వేపపిండి వేయండి. నెట్‌ను ఒక్కసారిగా తీయకుండా వారం పాటు రోజూ కొంచెం కొంచెం వెనక్కి జరపండి. రెండు వారాల్లో పాత కణుపుల నుంచి లేత చిగుళ్ళు వస్తాయి. వాటిని తెల్ల కాగితం మీద తట్టి చూసి, తామర పురుగు లేదని తేలాకనే మొదటి విడత 19:19:19 పోయండి.